బ్యాటరీ నీళ్లు

కంప్యూటర్ వచ్చాక జులేఖా కుర్చీ మారింది గానీ పని పెద్దగా మారలేదు. పద్నాలుగేళ్లు ట్రంకు బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, చుట్టుపక్కల ఊళ్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను పలుకుతున్నారా లేదా అని అడిగింది. ఇప్పుడు అడగడం యంత్రం వంతు, చూస్తూ కూర్చోవడం ఆమె వంతు. పది నిమిషాలకొకసారి అది పదకొండు ఊళ్లను వరసగా పలకరిస్తుంది. ఒక్కో ఊళ్లో ఒక్కో చిన్న పెట్టె బిగించారు. కరెంటు ఉందా, బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయి, బయటి లైన్లు ఎన్ని బతికున్నాయి, గది తలుపు తెరిచి ఉందా మూసి ఉందా, ఈ నాలుగూ ఆ పెట్టె చెప్పాలి. మూడుసార్లు అడిగినా పలకకపోతే ఆ ఊరి పేరు తెర మీద ఎర్రబడుతుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన యువ ఇంజనీరు దీన్ని ప్రోటోకాల్ అన్నాడు. ఏ కంపెనీ పెట్టెనైనా ఒకే తీరుగా అడగాలి, అది ఒకే తీరుగా జవాబు చెప్పాలి, ఎక్కడా తేడా రాకూడదు అని రెండు గంటలు బోధించాడు. జులేఖాకు అందులో కొత్తేమీ కనిపించలేదు. సలాం చేస్తే బదులు సలాం చేయాలి, అంతే గదా అనుకుంది. పైకి మాత్రం శ్రద్ధగా నోట్సు రాసుకుంది.

ఆ గదికి ఏసీ కూడా వచ్చింది. ఎండాకాలంలో బోర్డు ముందు చెమటలు కక్కుతూ ఆపరేటర్లు ఇంకో ఫ్యాన్ కోసం పెట్టుకున్న అర్జీలు ఆరేళ్లుగా ఏ ఫైల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. యంత్రం అర్జీ పెట్టలేదు. దానికి వేడి పడదని ఎవరో అన్నారు, మరుసటి వారమే ఏసీ బిగించారు.

సోమవారం పదిన్నరకు సబ్ డివిజన్ ఇంజనీరు దశరథం కంప్యూటర్ అచ్చుకొట్టిన చిల్లుల అంచు కాగితాల కట్ట చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి కాగితం వస్తే కింద ఎవరిమీద పడుతుందో చూసి నొచ్చుకునే రకం, అయినా పడేయక తప్పని రకం.

"జులేఖమ్మా, గీ ఈదులగుట్ట సంగతేంది? నెలల ఇరవై మూడుసార్లు ఎర్రగైంది."

"కరెంటు పోయినప్పుడల్లా అయితాంది సార్. గంటన్నరకే వోల్టేజి పడిపోతాంది."

"కరెంటు అన్ని ఊర్లల్ల పోతది. మిగిలినయి ఆరు గంటలు ఆగుతున్నయి గద. బ్యాటరీ ఉత్తగ దిగదు. చూసేటోడు చూడకుంటెనే దిగుతది." కాగితాలు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించాడు. "పర్మనెంటు లిస్టు శుక్రవారం జిల్లాకు పోవాలె. గుర్వయ్య పేరు అండ్ల ఉంది. ఈసారి ఒక్కొక్క పేరు కింద కంప్యూటర్ లెక్క చూసి పనితీరు రాయమన్నరు. ఉన్నదున్నట్టు రాస్తె వాని పేరు కొట్టేస్తరు. మల్ల లిస్టు ఎన్నడొస్తదో, అసలొస్తదో రాదో."

గుర్వయ్య ఈదులగుట్ట ఎక్స్ఛేంజికి కాపలాదారు, లైన్‌మన్, ఊడ్చేవాడు, అన్నీ అతనే. పన్నెండేళ్లుగా దినకూలి. జులేఖా అతన్ని ఒక్కసారి కూడా చూడలేదు. గొంతు మాత్రం తెలుసు. రోజూ ఎనిమిది గంటలకు సర్వీసు లైన్లో పలికి ఊరి క్షేమం చెబుతాడు. కంప్యూటర్ వచ్చాక ఆ ఫోన్ అక్కర్లేదు. ఆ సంగతి అతనికి చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

"టెక్నీషియన్ సెలవుల ఉన్నడు," అన్నాడు దశరథం. "ఎల్లుండి నువ్వు పోయి రా. ఇరవై నాలుగు సెల్లులు కొలిచి, కారణం రాసియ్యి. నేను నీ కాగితం మీదనే నడుస్త."

మంగళవారం పొద్దున గుర్వయ్య పలికినప్పుడు, మర్నాడు వస్తున్నానని చెప్పింది. 

"బస్సు దిగెకాడ నేనుంట మేడం," అన్నాడు.

*

మర్రిగూడ దాటాక రోడ్డుకు రెండు వైపులా పత్తి చేన్లు వాన కోసం చూస్తూ నిలబడి ఉన్నాయి. జులేఖా ఒళ్లో బ్యాటరీ ఆమ్లం కొలిచే హైడ్రోమీటరు పెట్టె పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుంది. ఈదులగుట్టలో దిగేసరికి ఓ సన్నటి మనిషి ఎదురొచ్చి ఆ పెట్టె అందుకున్నాడు. గొంతును బట్టి ఆమె పెద్ద ఒడ్డూ పొడవూ ఉన్న మనిషిని ఊహించుకుంది. ఇతను నడుం కొంచెం వంగి, అడుగు తీసి అడుగు వేయడానికి ముందు ఆలోచించే మనిషిలా ఉన్నాడు. నలభై అయిదుకు మించి ఉండవు.

ఎక్స్ఛేంజి అంటే పంచాయతీ ఆఫీసు వెనక కిరాయి గది. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. నేల అద్దంలా తుడిచి ఉంది. తీగలు వరసగా కట్టి ఉన్నాయి. బ్యాటరీ సెల్లుల తలల మీద తుప్పు చుక్క లేదు, వాజిలిన్ పల్చగా పూసి ఉంది. పని ఎగ్గొట్టే మనిషి గది ఇలా ఉండదని జులేఖాకు గుమ్మంలోనే తెలిసిపోయింది. తెలియడంతో కొంత ఊరట కూడా కలిగింది.

ఇద్దరూ పనిలో పడ్డారు. అతను మూత తిప్పి తీస్తాడు. ఆమె రబ్బరు బుడ్డి నొక్కి, గాజు గొట్టం ముంచి, మెల్లగా వదులుతుంది. ఆమ్లం పైకి ఎగబాకి లోపల తేలే అంకెల పుల్లను లేపుతుంది. దాన్ని కంటి ఎత్తుకు పట్టుకుని అంకె చదువుతుంది. అతను టార్చి వేస్తాడు. ఆరో సెల్లుకే ఆమెకు అనుమానం వచ్చింది. పదో సెల్లుకు అనుమానం తీరిపోయింది. ఒక్కటీ ఉండాల్సిన అంకె దగ్గర లేదు. పారదర్శకంగా ఉండాల్సిన డబ్బాల లోపల, నీటి గీత పైన తెల్లటి ఉప్పు పొర కట్టింది. అడుగున గోధుమ రంగు బురద పేరుకుని పలకల కాళ్లు తాకుతోంది. అలాంటి తెల్ల పొర ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో కుండ అంచుకు ఉంటుంది. బ్యాటరీలో ఉండకూడదు.

గోడకు వేలాడుతున్న రిజిస్టరు తీసి చూసింది. నెలకు రెండు డబ్బాల డిస్టిల్డ్ వాటర్ వచ్చినట్టు, పది లీటర్లూ పోసినట్టు, ప్రతి నెలా అతని వంకర సంతకం ఉంది.

"నీళ్లు పోస్తున్నవా గుర్వయ్యా?"

"పోస్తున్న మేడం. గీత కిందికి ఒక్క దినం గూడ దిగనియ్యలే."

ఆ మాట నిజం. ఇరవై నాలుగింటిలోనూ నీళ్లు గీతకు సరిగ్గా ఉన్నాయి.

"ఏ నీళ్లు?"

అతను ఆమె చేతిలోని హైడ్రోమీటరు తీసుకుని, బట్టతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఇంటికాడ అన్నం తిందాం రాండ్రి మేడం," అన్నాడు కాసేపటికి. "ఆడనే చెప్త."

*

ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. అతని భార్య అమృతమ్మ గుమ్మంలోకి వచ్చి, జులేఖాను చూడటానికి మనిషి మొత్తం పక్కకు తిరిగింది. మెడ తిరగదు. కోడలు జంగమ్మ పీట వేసింది. కొడుకు జడ్చర్లలో ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తాడని, పక్షానికోసారి వస్తాడని చెప్పారు. ఏడేళ్ల మనవరాలు అరుణ గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. మోకాళ్ల దగ్గర కాళ్లు బయటికి వంగి ఉన్నాయి. ఆ ఊళ్లో ఎవరూ వాటి వైపు ప్రత్యేకంగా చూడరు, అలాంటి కాళ్లు వీధివీధినా ఉన్నాయి.

జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టారు. అమృతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు ఆగింది.

"బోరు నీళ్లే బిడ్డా. మాకు వేరే లేవు."

జులేఖా చెంబు అందుకుని తాగింది. నీళ్లు చల్లగా, కాస్త ఉప్పగా ఉన్నాయి.

అప్పుడే లోపలి గదిలోంచి చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. రెండేళ్లుంటాయి. కాళ్లు తిన్నగా, గట్టిగా ఉన్నాయి. నేలను దబదబా కొడుతూ వచ్చి తాత మోకాలు పట్టుకుంది. పేరు అండాలు. నీళ్లు కావాలంది. గుర్వయ్య లేచి, అటక మీంచి బట్ట చుట్టిన తెల్ల డబ్బా దించాడు. మూత తీసి, చిన్న స్టీలు గిలాసలోకి జాగ్రత్తగా వంచాడు. ఒక్క చుక్క కింద పడలేదు. పిల్ల గుటగుటా తాగి గిలాస అక్కడే వదిలేసి పోయింది. డబ్బా మీద బ్యాటరీ బొమ్మ ఉంది.

జులేఖా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"నాకు పని నేర్పిన సారు చెప్పిండు మేడం," అన్నాడు గుర్వయ్య, డబ్బా అటక మీద పెట్టి. "గీ నీళ్లల్ల ఏం ఉండదు, అంత తీసేసిన నీళ్లు, బోరు నీళ్లు పోస్తె బ్యాటరీ ఖరాబైతది అని. బ్యాటరీయే ఖరాబైతె మరి పిల్ల కాదా?"

 అతనే మళ్లీ అన్నాడు.

"పెద్దదాని కాళ్లు చూసి దవాఖానోళ్లు చెప్పిండ్రు, బోరు నీళ్లల్ల ఫ్లోరైడు ఉందని. ఎనిమిదేండ్లు వచ్చి కాళ్ల బొక్కలు గట్టిపడెదాంక చిన్నదానికి బోరు నీళ్లు వద్దన్నరు. ఏ నీళ్లు తాపాలె అంటె అది మేం చెప్పేది కాదన్నరు. దినానికి చిన్న గిలాసతోని మూడు. నెలకు సరిగ్గ పది లీటర్లు అయితయి. మేమెవ్వరం ముట్టం."

"గవి తాగొచ్చో లేదో ఎవరినన్న అడిగినవా?"

"ఎవర్ని అడగాలె మేడం? అడిగితె డబ్బాలు బందైతయి."

ఆమెకు కోపం వచ్చింది. ఇరవై నాలుగు సెల్లులు పాడుచేశాడని మొదట అతని మీద వచ్చింది. కానీ అతని మీద ఎంతోసేపు నిలవలేదు. ఊరికి తాగే నీళ్లు రాని బాటలోనే నెలనెలా బ్యాటరీకి శుద్ధి చేసిన నీళ్లు జీపెక్కి వచ్చాయి. ఆ కోపం ఎవరి మీదికి మళ్లించాలో తెలియక, రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది.

బస్సు దగ్గరికి సాగనంపుతూ గుర్వయ్య అన్నాడు. "అబద్ధం రాయమని నేనడుగను మేడం. మీరు చూసింది మీరు రాయుండ్రి. పర్మనెంటైతె ఊరు ఇడిసిపెట్టకుంట గీన్నే ఉందామనుకున్న. నా నడుముతోని వేరే ఊరికి పోయి పని చేసుడు కాదు. అంతే."

*

గురువారం పదకొండున్నరకు కరెంటు పోయింది. జులేఖా తెర ముందు కూర్చుని ఈదులగుట్ట అంకెను చూసింది. యాభై ఒకటి. నలభై తొమ్మిది. యంత్రం పది నిమిషాలకోసారి అడుగుతోంది, ఆ ఊరి పెట్టె నిజాయితీగా చెబుతోంది. నలభై ఏడు. ఆ తర్వాత మూడుసార్లు అడిగినా పలకలేదు, ఒంటిగంటకు పేరు ఎర్రబడింది. మిగిలిన పది ఊళ్లూ నిక్షేపంగా పచ్చగా ఉన్నాయి.

కారణం రాయాల్సిన ఫారం ఆమె ముందు తెరిచే ఉంది. అందులో వాక్యాలు రాయడానికి చోటు లేదు. అయిదు అంకెల్లో ఒకటి కొట్టాలి. ఒకటి, విద్యుత్ సరఫరా లోపం. రెండు, లైను లోపం. మూడు, సిబ్బంది నిర్లక్ష్యం. నాలుగు, ఆయుష్షు తీరిన బ్యాటరీ. అయిదు, పెట్టెలో లోపం. నీళ్లు పిల్ల తాగింది అనడానికి అంకె లేదు. మూడు కొడితే అతని పన్నెండేళ్లు పోతాయి, డబ్బాలూ పోతాయి. ఆ ఊళ్లో బ్యాటరీలు పెట్టింది తొంభై ఒకటిలో, అంటే ఏడేళ్లు నిండాయి. నాలుగు కొడితే అది పూర్తి అబద్ధం కూడా కాదు. ఆ రోజు కొట్టలేదు. ఇంటికి వెళ్లి, కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. తల్లి హుస్సేన్ బీ ఏమైందే అని అడిగితే, ఆఫీసులో తల తినేశారని చెప్పింది.

శుక్రవారం పొద్దున రాగానే నాలుగు కొట్టింది.

దశరథం కాగితం చదివి, కళ్లద్దాల పైనుంచి చూశాడు. "నీళ్లు మంచిగనే పోస్తుండా మరి?"

"గీత కిందికి ఒక్క దినం గూడ దిగలేదు సార్. నేను కండ్లార చూసొచ్చిన."

అతను ఆమె ముఖంలోకి అవసరమైన దానికంటే ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. తర్వాత పెన్ను తీసి, గుర్వయ్య పేరు కింద పనితీరు తృప్తికరం అని రాశాడు.

"ఒకందుకు మంచిదే అయింది. స్టోర్ల ఒక కొత్త సెట్టు వచ్చి పడి ఉంది. ఎవరికి కావాలె, ఎవరికి కావాలె అని వాళ్లు నా పానం తీస్తున్నరు. ఈదులగుట్టకు రాసేస్త."

ఆ సాయంత్రం జులేఖా బస్టాండు దగ్గర పావుకిలో జిలేబీ కొనుక్కుని ఇంటికి వెళ్లింది. సంతోషంగా ఉంది, దాచుకోవాల్సిన పని కూడా కనిపించలేదు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో తన చేతుల మీదుగా ఒక మనిషికి మేలు జరిగిందనుకుంది. కొత్త బ్యాటరీలు కాబట్టి ఆరేళ్లు బోరు నీళ్లు పోసినా తట్టుకుంటాయి, ఈలోగా పిల్ల పెద్దదవుతుంది అని కూడా లెక్క వేసుకుంది.

*

మంగళవారం జీపు ఈదులగుట్టకు వెళ్లి వచ్చింది. బుధవారం పదకొండింటికి కరెంటు పోయినా ఆ ఊరి పేరు పచ్చగానే ఉంది. రెండు గంటలైనా వోల్టేజి దాదాపు కదల్లేదు. దశరథం వచ్చి తెర ముందు నిలబడి, సొంత బిడ్డ మార్కులు చూసుకున్నంత మురిపెంగా చూశాడు.

"చూసినవా? కొత్త రకం. సీలు వేసి వస్తయి. మూత లేదు, ఆమ్లం కొలిచే పని లేదు, నీళ్లు పోసే పని లేదు. తీసుకపోయి పెట్టుడు, మరిచిపోవుడు."

జులేఖా అతని వైపు తిరిగింది. "మరి నీళ్ల డబ్బాలు?"

"ఇంకేం డబ్బాలు? ఈదులగుట్టకు బంద్ చెయ్యమని నిన్ననే స్టోరుకు రాసేసిన. జర కర్చు తగ్గుతది." అతను బయటికి వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. యంత్రం మళ్లీ ఒక చుట్టు తిరిగింది. ఈదులగుట్ట నాలుగు ప్రశ్నలకూ నాలుగు మంచి జవాబులు చెప్పింది. అయిదో ప్రశ్న దానికి ఎవరూ నేర్పలేదు. నాలుగు కొట్టింది తన వేలే. మూడు కొట్టినా డబ్బాలు పోయేవి, అది నిజమే. ఆ నిజం ఆమెకు ఏమాత్రం ఉపయోగపడలేదు. మర్నాడు పొద్దున సర్వీసు లైను మోగితే, ఒంట్లో బాగాలేదని పక్క గది ఆపరేటర్ను తీయమంది.

ఎప్పుడూ లేనిది, జిల్లా నుంచి ఆమోదం వారంలోనే వచ్చింది. గుర్వయ్య పర్మనెంటు అయ్యాడు. ఆర్డరు, దాంతోపాటు ఎక్కడ పని చేయదలచుకున్నారో రాయాల్సిన ఫారం శుక్రవారం జీపులోనే పంపించారు. శనివారం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఈసారి జులేఖానే తీసింది.

"ఫారం వచ్చింది మేడం. మూడు ఊర్ల పేర్లు రాయమన్నరు, వరుసగ."

"మొదటిది ఈదులగుట్ట రాయి. నీకే ఇస్తరు. సార్‌తోని నేను మాట్లాడుత." అంది జులేఖా. "గుర్వయ్యా, డబ్బాలు బందైతయని నాకు తెల్వదు. గిట్లయితదనుకోలే."

"మీరేం చేస్తరు మేడం. పాత డబ్బాల్ల కొన్ని నీళ్లు ఉన్నయి. పది దినాలకు వస్తయి." అన్నాడు గుర్వయ్య. "ఒక మాట చెప్పాలె మీరు. నీళ్లు పోసే బ్యాటరీలు ఇంక ఏ ఊర్లల్ల ఉన్నయి?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇది నేను చెప్పకూడదు గదా అనుకుంది. అనుకుంటూనే వేళ్లు మీటల మీద నడిచాయి. ప్రతి ఊరి ఎదురుగా బ్యాటరీ రకం, పెట్టిన సంవత్సరం వచ్చాయి.

"పది ఊర్లల్ల అవ్వే ఉన్నయి. నీకు దగ్గర రాళ్లబావి. ఎనిమిది కిలోమీటర్లు. సైకిల్ మీద పోయి రావచ్చు."

"అవి ఎన్నడు పెట్టినయి?"

"తొంభై రెండుల."

"అయితె వచ్చే ఏడు మారుస్తరు," అన్నాడు గుర్వయ్య. "అన్నిట్ల కొత్తయి ఏ ఊర్ల ఉన్నయి మేడం? పిల్లకు ఎనిమిదేండ్లు నిండాలంటె ఇంక ఆరేండ్లు కావాలె."

ఆమె తెర మీద పై నుంచి కిందికి చూసింది. చిట్టచివరి పేరు దగ్గర ఆగింది.

"మేకలదిన్నె. పోయినేడే పెట్టిండ్రు. ఆరేండ్లకు పైననే ఆగుతయి. కని గుర్వయ్యా, అది ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఆ ఊరికి దినానికి ఒక్కటే బస్సు. ఇంటికి నువ్వు ఆదివారానికోసారి వస్తె గొప్ప."

"ఆదివారానికి రెండున్నర లీటర్లు తెస్తె చాలు."

అతను బోరు నీళ్లతో ఆ బ్యాటరీలను కూడా పాడుచేస్తాడని ఇద్దరికీ తెలుసు. ఆ అంకెలు పడిపోవడం రోజూ చూడాల్సింది ఆమే. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అవతల కాగితం చప్పుడైంది, ఎవరో చిన్నపిల్ల ఏదో అడిగితే అతను ఉండు బిడ్డా అన్నాడు.

"మేడం, నిన్న ఆర్డరు రాంగనే సంబురంతోని మొదటి దాంట్ల ఈదులగుట్ట అని పెన్నుతోని రాసేసిన. కొట్టేసి పక్కన మేకలదిన్నె అని రాస్తె చెల్తదా?"

జులేఖా రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.

"చెల్తది," అంది. "కొట్టేసినకాడ సంతకం పెట్టు."